పాత సరకుల బండి – పెట్రోలా, డీజిలా?



ఈ దినమున నేను ప్రసంగింపదలచిన విషయము చిన్న సరకుల బండి. క్రొత్తది కాదు, ఒకరు వాడి అమ్మజూపిన పాతబండి. దానిని కొనదలచినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న, “పెట్రోలుబండి మేలా, డీజిలుబండి మేలా?” అని. రావులపాలెమువాడనగుటచేత ఈ ప్రశ్నను నేను పలుమారులు విన్నాను. దీనికి ఒక్కమాటలో జవాబు చెప్పువారు కలరు. నేను అట్లు చెప్పజాలను. ఏలయన, ఈ ప్రశ్నకు జవాబు బండిలో లేదు. బండి కొనువాని పనిలో నున్నది. ఆ పనిని ముందుగా లెక్కకట్టినచో ఏ చమురు తగునో దానంతట అదే తేలును. ఈ సంగతినే కొంత వివరముగా మనవి చేసెదను.

పడుచువారితో గాక పెద్దలైన మీతో ఈ మాటలు చెప్పుటకు కారణము కలదు. బండి నడుపువాడు కుమారుడో మనుమడో కావచ్చును. కాని దానికి సొమ్ము సమకూర్చువారు మీరు. అప్పు తెచ్చినచో హామీ సంతకము చేయువారు మీరు. తాకట్టు పెట్టు కాగితము మీ పొలముది. బండి షెడ్డులో నిలిచిపోయినను వాయిదా మాత్రము నిలువదు. కావున బయానా ఇచ్చుటకు ముందే విచారింపవలసిన భారము మీపై నున్నది.

మన ప్రాంతమున ఇట్టి బండ్లతో ఎంత పని యున్నదో మీకు చెప్పనక్కరలేదు. రావులపాలెపు అరటి మార్కెటుకు లంకలనుండియు, ఏటిగట్టు వెంబడినున్న ఊళ్లనుండియు గెలలు సైకిళ్లమీదను, ఆటోలమీదను, చిన్న బండ్లమీదను చేరుచుండును. అచ్చటనుండి లారీలలో పరరాష్ట్రములకు పోవును. అంబాజీపేట కొబ్బరికాయలును, తోటల కూరగాయలును, చెరువుల చేపలును, రొయ్యలును ఇట్లే తిరుగును. ఈ పనికి మూడుచక్రముల ఆటో చాలదు, పెద్దలారీ పుంతలో పట్టదు. ఈ రెంటికిని నడుమ నున్న ఖాళీని 2005వ సంవత్సరమున టాటావారి ఏస్ బండి పూరించినది. దానిలోనిది రెండు సిలిండర్ల డీజిలు ఇంజను. 702 ఘనసెంటీమీటర్ల పరిమాణము, 16 గుఱ్ఱముల బలము గలది. మోత 750 కిలోలు. గెల 15 కిలోల చొప్పున ఏబది గెలలు. 2011లో అశోక్ లేలాండువారి దోస్తు మూడు సిలిండర్ల డీజిలు ఇంజనుతో, ఒకటింపావు టన్ను మోతతో వచ్చినది. 2016లో మారుతీవారి సూపర్ క్యారీ వచ్చినది. మారుతీవారు 2020లో డీజిలు ఇంజన్లనే మానివేసి, ఈ బండిని పెట్రోలుతోను, గ్యాసుతోను నడుపుచున్నారు. ఏస్‌లో పెట్రోలు రకము అమ్మకమునకు వచ్చినదియు 2020లోనే.

దీనినిబట్టి ఒక సంగతి తెలియవలెను. చిన్న సరకుల బండ్లలో 2020కి ముందటివి చాలవఱకు డీజిలువి. పెట్రోలువి విరివిగా వచ్చినది ఆ తరువాతనే. కావున పాతబండ్ల బజారులో “పెట్రోలా, డీజిలా” అని అడుగుట, ఒకవిధముగా “వయసు తక్కువదా, ఎక్కువదా” అని అడుగుటయే. అమ్మువాడు చమురు పేరు చెప్పినప్పుడు మీరు వెంటనే సంవత్సరము నడుగవలెను.

ఇక ఈ రెండు ఇంజన్లకును గల భేదము. పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలును కలిసిన ఆవిరిని పిస్టను నొక్కును. పిమ్మట ప్లగ్గు ఒక నిప్పురవ్వను పుట్టించి దానిని మండించును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వతో పనిలేదు. సైకిలు పంపుతో గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరెఱిగినదే. నొక్కినకొలది గాలి వేడెక్కును. పెట్రోలు ఇంజను తన ఆవిరిని ఇంచుమించు పదింట నొకవంతునకు నొక్కగా, డీజిలు ఇంజను గాలిని పదునాఱింట నొకవంతు మొదలు ఇరువదింట నొకవంతువఱకు నొక్కును. ఆ గాలి ఐదువందల డిగ్రీలు మించి కాగును. అందులోనికి సన్నని తుంపరగా చిమ్మిన నూనె ఆ వేడికే అంటుకొనును. ఈ పద్ధతిని కనిపెట్టి 1897లో జయప్రదముగా నడిపి చూపినవాడు జర్మనీ దేశీయుడగు రుడాల్ఫ్ డీజిల్. ఆయన పేరే నూనెకును నిలిచినది.

ఈ ఒక్క భేదమునుండియే తక్కిన గుణదోషములన్నియు పుట్టినవి. అంతగా నొక్కుటచేత డీజిలు ఇంజను నూనెలోని శక్తిని ఎక్కువగా పనిలోనికి తెచ్చును. లీటరు డీజిలులో లీటరు పెట్రోలుకన్న శక్తియు కొంత హెచ్చు. అందుచేత అదే బరువుతో ఎక్కువ దూరము పోవును. మెల్లగా తిరుగుచునే బలముగా లాగును. నిండుమోతతో ఏటిగట్టు ఎక్కునప్పుడు ఈ గుణము తెలియును. కాని అంత ఒత్తిడిని ఓర్చుటకు దాని భాగములు బరువుగా, దృఢముగా నుండవలెను. నూనెను చిమ్ము పంపును, ఇంజెక్టర్లును మిక్కిలి సున్నితమైన పనితనము గలవి. నూనెలో నీరు గాని, మురికి గాని చేరినచో అవి చెడును. చెడినచో ఖర్చు హెచ్చు. పెట్రోలు ఇంజను తేలిక, చప్పుడు తక్కువ, మరమ్మతు సామాన్యముగా చౌక. కాని చిన్న పెట్రోలు ఇంజనుపై మోయదగినదానికి మించి బరువు వేసినచో చమురు విపరీతముగా త్రాగును.

డీజిలుబండ్లలోను వయసునుబట్టి మూడు తరగతులు కలవు. దేశమంతట బీఎస్ నాలుగు అను పొగ నిబంధన 2017 ఏప్రిలు 1వ తేదీనుండియు, బీఎస్ ఆఱు అనునది 2020 ఏప్రిలు 1వ తేదీనుండియు అమలులోనికి వచ్చినవి. 2017కు ముందటి చిన్న డీజిలు ఇంజన్లలో చాలవఱకు యంత్రపు పనియే గాని విద్యుత్తు పరికరములు తక్కువ. ఊరి మెకానిక్కు విప్పి బిగింపగలడు. కాని ఆ బండ్లకు వయసు మీఱినది. 2020 తరువాతివానిలో కంప్యూటరు అదుపును, పొగను శుభ్రపఱచు పరికరములును చేరినవి. అనేక డీజిలుబండ్లలో మసిని పట్టు జల్లెడ యొకటి సైలెన్సరు దారిలో నుండును. అందు చేరిన మసి కాలిపోవుటకు ఇంజను కొంతసేపు తెంపులేకుండ వేడిగా నడువవలెను. తోటనుండి మార్కెటుకు రెండు మూడు కిలోమీటర్లు పోయి నిలుచు బండిలో ఆ మసి కాలక పేరుకొనును. అప్పుడు షెడ్డుకు పోక తప్పదు. దూరము తిరుగని వానికి ఇట్టి డీజిలుబండి తగదు.

ఇప్పుడు లెక్కకు వత్తము. డీజిలు చౌక యని మనలో ఒక తలంపు నాటుకొనియున్నది. ఒకప్పుడది నిజము. ప్రభుత్వమువారు 2010 జూన్‌లో పెట్రోలు ధరమీదను, 2014 అక్టోబరులో డీజిలు ధరమీదను తమ అదుపును వదలుకొనిరి. ఆ తరువాత రెండు ధరలకును నడుమ దూరము తగ్గినది. కావున వెనుకటి తలంపుతో గాక, నేటి ధరతో లెక్క వేయవలెను.

భాగించుటకు సులభమైన అంకెలతో ఒక ఉదాహరణము చెప్పెదను. మీరు మీ ఊరి బంకు ధరలు వేసికొనుడు. పెట్రోలు లీటరు 108 రూపాయలు, బండి లీటరుకు 15 కిలోమీటర్లు పోవుననుకొందము. కిలోమీటరుకు 7 రూపాయల 20 పైసలు. డీజిలు లీటరు 96 రూపాయలు, బండి 20 కిలోమీటర్లు పోవుననుకొందము. కిలోమీటరుకు 4 రూపాయల 80 పైసలు. కిలోమీటరుకు మిగులు 2 రూపాయల 40 పైసలు. ఒకే స్థితిలోనున్న రెండు బండ్లలో డీజిలుదానికి ధర 50,000 రూపాయలు హెచ్చనియు, ఏటేట మరమ్మతుకు 6,000 రూపాయలు హెచ్చనియు అనుకొందము.

ఇద్దరు రైతులను తీసికొందము. మొదటివాడు తన తోట గెలలను మార్కెటుకు తెచ్చుకొనువాడు. దినమునకు 20 కిలోమీటర్లు, ఏడాదికి 200 దినములు. మొత్తము 4,000 కిలోమీటర్లు. చమురులో మిగులునది 9,600 రూపాయలు. మరమ్మతు భేదము తీసివేయగా 3,600. ఎక్కువగా పెట్టిన 50,000 తిరిగి వచ్చుటకు పదునాలుగేండ్లు పట్టును. పాతబండి అన్నాళ్లు బ్రతుకదు. రెండవవాడు కిరాయికి తిప్పువాడు; రాజమహేంద్రవరమునకు పోయివచ్చి, నడుమ ఊళ్లు తిరుగువాడు. దినమునకు 80 కిలోమీటర్లు, ఏడాదికి 300 దినములు. మొత్తము 24,000 కిలోమీటర్లు. మిగులు 57,600. మరమ్మతు పోగా 51,600. ఎక్కువ పెట్టిన సొమ్ము ఒక్క ఏటిలోనే చేతికి వచ్చినది. ఒకే ఊరు, అవే బండ్లు. కాని మొదటివానికి పెట్రోలుబండియు, రెండవవానికి డీజిలుబండియు తగియున్నవి. ఈ అంకెల ప్రకారము నాలుగేండ్లలో డీజిలు తన ధర తాను రాబట్టుకొనవలెనన్నచో ఏడాదికి ఇంచుమించు 7,700 కిలోమీటర్లు తిరుగవలెను. మీ అంకెలు వేరైనను లెక్క పద్ధతి ఇదియే.

పెట్రోలు పక్షమున మఱియొక సంగతి చెప్పవలసియున్నది. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలుపు స్థితికి వచ్చితిమి. చెఱకునుండియు, బియ్యమునుండియు, మొక్కజొన్ననుండియు తీయు సారాయమది. రైతునకు దానివలన గిరాకి కలిగినది. అయితే ఇథనాలులో శక్తి కొంత తక్కువ కావున మైలేజి కొంత తగ్గును. అది గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలది. 2023 ఏప్రిలుకు ముందు తయారైన పెట్రోలుబండిలో రబ్బరు గొట్టములును, వాషర్లును పగిలినవేమో చూపించి మార్పించుకొనుట మంచిది. బండిని వారముల తరబడి కదల్పక నిలుపరాదు.

పనియు చమురును తేలిన పిమ్మట బండి శరీరస్థితిని పరీక్షింపవలెను. ఎద్దును కొనునప్పుడు మీరు పండ్లు చూతురు, సుడులు చూతురు, గిట్టలు చూతురు, నడిపించి చూతురు. రంగుచూచి మాత్రము కొనరు. బండి విషయములోను రంగు చివరి సంగతి. పాతబండి రంగు క్రొత్తదిగా నున్నచో, ఆ రంగు క్రింద ఏమున్నదని అడుగవలెను.

తెల్లవాఱగనే, ఇంజను చల్లగా నున్నప్పుడే పోయి చూడవలెను. అమ్మువాడు ముందుగనే వేడిచేసి యుంచిన ఇంజను తన జబ్బును దాచుకొనును. మీ ఎదుట మొదటిసారి తిప్పినప్పుడు ఎంతసేపటికి అందుకొన్నదో, ఏ రంగు పొగ వచ్చినదో గమనింపవలెను. నల్లపొగ విడువకుండ వచ్చినచో గాలి జల్లెడయో, ఇంజెక్టర్లో చెడినవి. ఇది సామాన్యముగా బాగుపడును. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు లోపల కాలుచున్నదన్నమాట, రింగులో, వాల్వులో అరిగినవి, ఇది పెద్దఖర్చు. తెల్లపొగ వేడెక్కిన తరువాత కూడ ఆగక వచ్చినచో రేడియేటరు నీరు సిలిండరులో చేరుచున్నదేమో అని శంకింపవలెను. ఆయిలు పుల్ల తీసి చూడుడు. డీజిలుబండిలో ఆయిలు నల్లగానుండుట సహజమే. అది మజ్జిగవలె తెల్లబారియున్నచో నీరు కలిసినది. ఆ బండిని విడిచిపెట్టుడు.

పిమ్మట బండి క్రిందికి చూడవలెను. వెనుక కమానులలో అదనపు పట్టీలు చేర్పించియున్నచో ఆ బండి మోయరాని మోత మోసినదని తెలిసికొనుడు. ఛాసిస్ దూలములకు అతుకులున్నవేమో చూడుడు. చిన్న సుత్తితో తట్టి, త్రుప్పు రాలునేమో పరీక్షింపుడు. ముందు యజమాని ఏమి మోసెనో తప్పక అడుగుడు. కొబ్బరి మోసిన బండి వేరు, రొయ్యలు మోసిన బండి వేరు. మంచుగడ్డల ఉప్పునీరు కారి, తొట్టి క్రింద ఇనుమును తినివేయును. సముద్రతీరపు ఊళ్లలో తిరిగిన బండికిని ఈ చూపు అవసరము.

మన గోదావరి ప్రాంతమున ప్రత్యేకముగా చూడవలసినది వరద. 2022 జూలైలో గోదావరి భద్రాచలము కడ 71 అడుగులు దాటినప్పుడు మన లంకలు ఎట్లు మునిగినవో మీరు మరచియుండరు. వరదలో మునిగిన బండిని కడిగి, రంగువేసి అమ్మవచ్చును గాని ఒండ్రు ఎక్కడో ఒకచోట మిగులును. సీటు బెల్టును చివరివఱకు లాగి చూడుడు. మట్టిచాఱ యుండునేమో తెలియును. సీటు క్రిందను, డాష్‌బోర్డు వెనుకను చేయిపెట్టి తడుముడు. తీగెల కొసలు పచ్చబారినవేమో, దీపముల అద్దములలో చెమ్మ యున్నదేమో చూడుడు. మునిగిన బండి నేడు నడచినను, దాని తీగెలు ఏ నాటికైనను ఇబ్బంది పెట్టును.

చివరకు బండిని ఖాళీగా గాక, బరువువేసి నడిపించి చూడవలెను. కనీసము అర మోతతో గట్టు ఎక్కించి, దించి, గట్టిగా బ్రేకు వేయించి చూడుడు. ఒకప్రక్కకు లాగుట, గేరు జాఱిపోవుట, ఇంజను హోరెత్తినను బండి కదలకపోవుట – ఈ మూడును ఖర్చులే. మీరు నమ్మిన మెకానిక్కును వెంట తీసికొనిపోవుడు. అమ్మువాడు చూపినవానిని కాదు. కొన్న తరువాత రిపేరునకుగాను ధరలో ఐదవవంతు సొమ్మును ప్రక్కన పెట్టుకొనుట నా సలహా. ఉన్న సొమ్మంతయు ధరకే చెల్లినచో ఆ బండి మీ తాహతుకు మించినదన్నమాట.

ఇక కాగితములు. ఇంజను చెడినచో వేలు పోవును. కాగితము చెడినచో పొలము పోవును. మనవారు సీ బుక్కు అను రిజిస్ట్రేషను పత్రములోని ఛాసిస్ నెంబరును, ఇంజను నెంబరును బండిపై చెక్కిన అంకెలతో అక్షరము విడువక సరిచూడవలెను. అందు ఏ ఋణసంస్థ పేరైనను ఉన్నచో, అప్పు తీఱినట్లు ఆ సంస్థవారు సంతకము చేసిన 35వ నెంబరు ఫారము లేనిదే సొమ్ము ఇయ్యరాదు. పేరు మార్పునకు 29, 30 నెంబరు ఫారములు కలవు. అమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను రవాణా కార్యాలయమునకు తెలుపవలెనని చట్టము. భీమాను మార్పించుకొనుటకును కొన్నవానికి పదునాలుగు దినములే గడువు.

“పేరు తరువాత మార్చుకొందము లెమ్ము” అను మాట మన ఊళ్లలో వినవచ్చుచుండును. ఈ మాట ఎంత చేటో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టువారు చెప్పిన తీర్పువలన తెలియును. ఒక బండి చేతులు మారి మారి వేఱొకనిదగ్గఱ నుండగా ప్రమాదము జరిగినను, రిజిస్టరులో ఎవరి పేరు మిగిలియున్నదో వారే చట్టము దృష్టిలో యజమాని యనియు, పరిహార భారము వారిదే యనియు ఆ తీర్పు. కావున బండి కొనువారికేకాదు, అమ్ము పెద్దలకును ఇది హెచ్చరిక. సొమ్ము చేతికి వచ్చినదని తృప్తిపడక, మీ పేరు పోయినదాక వెంటబడవలెను.

మఱి మూడు చిన్న సంగతులు. సరకుల బండికి ఎనిమిదేండ్లు నిండువఱకు రెండేండ్ల కొకసారియు, ఆ తరువాత ఏటేటను ఫిట్‌నెస్ పరీక్ష కలదు. పదునైదేండ్లు దాటినవానికి 2022 ఏప్రిలునుండి రుసుము మిక్కిలి పెంచిరి. చౌకగా వచ్చిన ముసలిబండి ఇక్కడ మీ సొమ్ము తినును. సరకుతో కూడ మొత్తము బరువు 3,000 కిలోలు మించని బండికి పర్మిట్టు అక్కరలేదు. 7,500 కిలోలు మించని సరకుల బండికి తేలికపాటి వాహనపు లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టువారు స్థిరపఱచిరి. ఈ మూడును తెలిసియున్నచో దళారి మాటలకు లోబడనక్కరలేదు.

పెద్దలారా! చెప్పవలసినది చెప్పితిని. క్రమము మాత్రము మరువవలదు. మొదట పని, తరువాత చమురు, తరువాత బండి, అన్నిటికిని చివర కాగితము. కాగితము తేలిన పిమ్మటనే సొమ్ము. మన ఊళ్లలో పలువురు ఈ క్రమమును తలక్రిందు చేసి, మొదట బయానా ఇచ్చి, చివర పని వెదకుకొందురు. అట్టివాని ఇంటిముందు బండి నిలుచును గాని, అది వానిని మోయదు. వాడే దానిని మోయవలసివచ్చును. మీ ఇంట ఎవరైనను బండి మాట ఎత్తినచో, ఒక కాగితమును, కలమును వాని ముందుంచి, దినమునకు ఎన్ని కిలోమీటర్లు, ఏడాదికి ఎన్ని దినములు, ఎంత బరువు అని వ్రాయుమనుడు. ఆ మూడంకెలు వ్రాయలేనివానికి ఏ బండియు తగదు. వ్రాయగలవానికి మీరు నిర్భయముగా హామీ సంతకము చేయవచ్చును.

సెలవు.